ఫొటోలో రంగుల నీహారిక, టెలిస్కోప్‌లో బూడిదరంగు మరక: ఈ తేడా ఎక్కడ పుడుతుంది?

సంక్షిప్తంగా: నక్షత్రాల వంటి బిందువులను టెలిస్కోప్ నిజంగానే ప్రకాశవంతం చేస్తుంది. నీహారికలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీల వంటి విస్తరించిన వస్తువుల విషయంలో అది చేసేది వాటిని పెద్దవిగా చూపించడమే. వాటి ఉపరితల ప్రకాశాన్ని, అంటే ఒక్కో చదరపు భాగం నుంచి వచ్చే వెలుగును, పెంచడం ఏ టెలిస్కోప్‌కూ సాధ్యం కాదు. అందువల్ల ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది ఆకాశపు చీకటి, చీకటికి అలవాటుపడిన కన్ను, సరైన ఆవర్ధనం (వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపాలన్న లెక్క) అనే మూడింటి మీద ఆధారపడుతుంది. తెల్లని ఎల్‌ఈడీ వీధి దీపాల వ్యాప్తితో వీటిలో మొదటిది వేగంగా మారిపోతోంది.

కొత్తగా టెలిస్కోప్ సమకూర్చుకున్నవారు మొదట చంద్రుడి బిలాలను, శని వలయాలను చూస్తారు. అవి ఫొటోల్లో ఉన్నట్టే, చాలాసార్లు అంతకంటే చక్కగా కనిపిస్తాయి. ఆ ఉత్సాహంతో ఆండ్రోమెడా గెలాక్సీ వైపో, ఏదైనా నీహారిక వైపో టెలిస్కోప్‌ను తిప్పితే మాత్రం అంచులు తెలియని బూడిదరంగు మరక ఎదురవుతుంది. ఒక్కోసారి అదీ కనిపించదు. పరికరంలో లోపం ఉందనో, గురి తప్పిందనో, పెట్టిన ఖర్చు వృథా అయిందనో అనుమానం మొదలవుతుంది. చాలా సందర్భాల్లో ఈ మూడూ నిజం కావు. కారణం కాంతిశాస్త్రంలో కొంత, కంటి నిర్మాణంలో కొంత, తలపైనున్న ఆకాశంలో కొంత ఉంది.

టెలిస్కోప్ చేసే పని, చేయలేని పని

200 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోప్‌ను తీసుకుందాం. చీకట్లో కంటిపాప గరిష్ఠంగా 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుందనుకుంటే, ఆ అద్దం కంటికన్నా 800 రెట్లకు పైగా ఎక్కువ కాంతిని సేకరిస్తుంది. నక్షత్రం ఎంత పెద్దది చేసి చూసినా దాదాపు బిందువుగానే ఉంటుంది కనుక, సేకరించిన కాంతి అంతా ఆ బిందువులోనే చేరుతుంది. కంటికి ఏ మాత్రం ఆనని నక్షత్రాలు వేల సంఖ్యలో బయటపడేది ఇందువల్లే.

నీహారిక బిందువు కాదు. దాన్ని 100 రెట్లు పెద్దదిగా చూపినప్పుడు, సేకరించిన కాంతి 10,000 రెట్ల విస్తీర్ణంలో పరుచుకుంటుంది. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) నుంచి వెలువడే కాంతిపుంజం వ్యాసాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. అద్దం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే అది వస్తుంది. 200 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌లో 40 రెట్ల ఆవర్ధనం దగ్గర ఇది 5 మిల్లీమీటర్లు, 100 రెట్ల దగ్గర 2 మిల్లీమీటర్లు. ఎగ్జిట్ ప్యూపిల్ కంటిపాపతో సమానమైనప్పుడు నీహారిక ఉపరితల ప్రకాశం వట్టి కంటికి కనిపించే స్థాయికి చేరుతుంది, అద్దాల్లో కలిగే నష్టం వల్ల నిజానికి కాస్త తక్కువగానే ఉంటుంది. ఆవర్ధనాన్ని ఇంకా తగ్గిస్తే కాంతిపుంజం కంటిపాప కంటే వెడల్పై, అంచుల్లోని కాంతి కంట్లోకి చేరకుండా పోతుంది. అంటే ఎంత పెద్ద టెలిస్కోప్ తెచ్చినా నీహారికలోని ఒక చదరపు భాగాన్ని వట్టి కంటికి ఉన్నదానికంటే ప్రకాశవంతంగా చూపలేదు. కొత్తవారికి అన్నిటికంటే నమ్మశక్యంగా అనిపించని విషయం ఇదే, మిగతా విషయాలన్నీ అర్థం కావడానికి ఆధారమూ ఇదే.

అలాగైతే పెద్ద అద్దంతో ప్రయోజనమేమిటన్న ప్రశ్న సహజం. 70 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌లో 2 మిల్లీమీటర్ల ఎగ్జిట్ ప్యూపిల్ కావాలంటే ఆవర్ధనం 35 రెట్ల దగ్గర ఆగిపోవాలి. 200 మిల్లీమీటర్ల దానిలో అదే ప్రకాశంతో 100 రెట్లకు వెళ్లవచ్చు. వస్తువు విస్తీర్ణం కంటికి 8 రెట్లు పెద్దదవుతుంది. చీకట్లో కంటికి పరిమాణం ఎంత ముఖ్యమో తెలిస్తే, పెద్ద అద్దం విలువ ఎక్కడుందో అర్థమవుతుంది.

మాగ్నిట్యూడ్ అంకె చెప్పని విషయం

జాబితాల్లో ప్రతి వస్తువు పక్కన ఒక మాగ్నిట్యూడ్ ఉంటుంది. అంకె తక్కువైతే ప్రకాశం ఎక్కువ. 5 మాగ్నిట్యూడ్ల తేడా అంటే 100 రెట్లు. నక్షత్రాలకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. గెలాక్సీకి మాత్రం ఆ అంకె దాని కాంతినంతటినీ ఒకే బిందువులోకి కుదిస్తే వచ్చే విలువ.

త్రిభుజ రాశిలోని ఎం33 (మెస్సియే జాబితాలో 33వది) గెలాక్సీ మాగ్నిట్యూడ్ 5.7. అభిజిత్ నక్షత్రం ఉన్న లైరా రాశిలోని వలయ నీహారిక ఎం57 మాగ్నిట్యూడ్ 8.8. అంకెల ప్రకారం గెలాక్సీయే దాదాపు 17 రెట్లు ప్రకాశవంతం. తీరా చూడబోతే ఎం57 పట్టణపు అంచుల నుంచి కూడా చిన్న టెలిస్కోప్‌లో దొరుకుతుంది, ఎం33 ఎంత వెదికినా దొరకదు. ఎం33 కాంతి సుమారు 70 ఆర్క్ నిమిషాల (ఒక ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) పొడవు, 40 ఆర్క్ నిమిషాల వెడల్పు ఉన్న ప్రాంతంలో పరుచుకుని ఉంటుంది. పొడవులో అది పూర్ణచంద్రుడి వ్యాసానికి రెండింతల పైమాటే. ఎం57 వలయం ఒకటిన్నర ఆర్క్ నిమిషం కూడా ఉండదు. లెక్క కడితే చదరపు ఆర్క్ నిమిషానికి ఎం57 ప్రకాశం ఎం33 సగటు ప్రకాశానికి సుమారు 100 రెట్లు. జాబితాలో మాగ్నిట్యూడ్‌తో పాటు వస్తువు కొలతలను కూడా చూసే అలవాటు ఉంటే ఎన్నో రాత్రుల నిరాశ తప్పుతుంది.

పెద్ద వస్తువులతో మరో చిక్కు ఉంది. 1,200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి కాంతి కేంద్రీకృతమయ్యే చోటికి దూరం) ఉన్న టెలిస్కోప్‌లో మామూలు 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే కనిపించే ఆకాశం ఒక డిగ్రీకి అటూఇటూ మాత్రమే. మూడు డిగ్రీలకు పైగా పొడవున్న ఆండ్రోమెడా గెలాక్సీ అందులో పట్టదు. కనిపించేది దాని నడిమి భాగమే. వస్తువు పక్కన చీకటి ఆకాశం కూడా కనిపించకపోతే, పోల్చుకోవడానికి ఏమీ లేక కన్ను దాన్ని నేపథ్యంగానే భావిస్తుంది. అందుకే కొన్ని విశాలమైన నీహారికలు పెద్ద టెలిస్కోప్ కంటే బైనాక్యులర్లలోనే తేలికగా కనిపిస్తాయి.

అసలు కొలత వ్యత్యాసం

కన్ను చూసేది వస్తువు ప్రకాశాన్ని కాదు, వస్తువుకూ దాని వెనుక ఉన్న ఆకాశానికీ మధ్య తేడాను. ఆకాశం ఎక్కడా పూర్తిగా నల్లగా ఉండదు. వాతావరణం పైపొరలు స్వయంగా కాస్త వెలుగునిస్తాయి, దానికి భూమ్మీది దీపాల వెలుగు తోడవుతుంది. ఈ నేపథ్యాన్ని చదరపు ఆర్క్ సెకనుకు (ఆర్క్ నిమిషంలో 60వ వంతు ఆర్క్ సెకను) ఇన్ని మాగ్నిట్యూడ్లని కొలుస్తారు. మంచి చీకటి ప్రదేశాల్లో ఇది 21.8 దగ్గర, శివారు ప్రాంతాల్లో 19 దగ్గర ఉంటుంది. అంకెల్లో చిన్నగా కనిపించే ఈ తేడా అసలు ప్రకాశంలో 13 రెట్లు.

అదే కొలతలో ఎం33 సగటు ఉపరితల ప్రకాశం 23 దగ్గర ఉంటుంది. చీకటి ప్రదేశంలో అది నేపథ్యానికి దాదాపు మూడో వంతు వెలుగును అదనంగా చేరుస్తుంది, కన్ను ఆ తేడాను పట్టుకోగలదు. శివారులో అది చేర్చేది రెండున్నర శాతమే. టెలిస్కోప్‌లో వస్తువూ నేపథ్యమూ ఒకే దారిన వస్తాయి, రెండూ ఒకేలా మసకబారతాయి కనుక ఈ నిష్పత్తిని అద్దం సైజు మార్చలేదు. ఎం57 అయితే శివారు ఆకాశం కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ వెలుగుతో ఉంటుంది, అందుకే నిలబడుతుంది.

దీన్నిబట్టి గెలాక్సీలు చూడదలచినవారికి పెద్ద టెలిస్కోప్ కొనడం కంటే, ఉన్న చిన్న టెలిస్కోప్‌ను చీకటి ప్రదేశానికి తీసుకెళ్లడమే ఎక్కువ ఫలితమిస్తుందని చెప్పవచ్చు. వెన్నెల కూడా దీపాల వెలుగులాగే నేపథ్యాన్ని పెంచుతుంది కాబట్టి అమావాస్యకు అటూఇటూ ఉన్న రాత్రులే ఈ పనికి అనువైనవి. వస్తువు ఆకాశంలో ఎంత ఎత్తున ఉందన్నదీ ముఖ్యమే. దిగంతానికి 30 డిగ్రీల ఎత్తులో ఉన్న వస్తువు నుంచి వచ్చే కాంతి, నడినెత్తిన ఉన్నదానితో పోలిస్తే రెండింతల వాతావరణాన్ని దాటి రావాలి.

చీకట్లో కన్ను ఎలా పనిచేస్తుంది

కంటి రెటీనాలో రెండు రకాల గ్రాహక కణాలుంటాయి. శంకు కణాలు సుమారు 60 లక్షలు; ఇవి రంగులను, సూక్ష్మ వివరాలను గుర్తిస్తాయి, కానీ వీటికి వెలుగు కావాలి. దండ కణాలు సుమారు 12 కోట్లు. ఇవి అతి తక్కువ కాంతికి స్పందిస్తాయి, రంగు మాత్రం తెలుసుకోలేవు. డీప్ స్కై పరిశీలన, అంటే నీహారికలు, గెలాక్సీల వంటి మసక వస్తువులను చూడటం, దాదాపు పూర్తిగా దండ కణాల పనే.

ఈ కణాలు సిద్ధం కావడానికి సమయం పడుతుంది. సినిమా మొదలయ్యాక హాల్లోకి వెళ్లినవారికి కాసేపటికి కుర్చీల వరుసలు కనిపించడం మొదలవుతుంది, అయితే అక్కడ జరిగేది ఈ మార్పులో ఆరంభం మాత్రమే. కంటిపాప విచ్చుకోవడం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. 2 మిల్లీమీటర్ల నుంచి 7 మిల్లీమీటర్లకు పెరిగినా దానివల్ల కలిసొచ్చేది సుమారు 12 రెట్ల కాంతే. అసలు లాభం దండ కణాల్లోని రొడాప్సిన్ అనే వర్ణకం తిరిగి ఏర్పడటం వల్ల వస్తుంది. దీనికి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది, సున్నితత్వం వేల రెట్లు పెరుగుతుంది. ఈలోగా ఫోన్ తెర వెలుగు కళ్లలో పడితే ఆ సున్నితత్వం తగ్గిపోయి మళ్లీ వేచి ఉండాల్సి వస్తుంది. పటాలు చదవడానికి మసక ఎర్ర దీపాన్ని వాడటానికి కారణం, దండ కణాలు ఎర్రని కాంతికి దాదాపు స్పందించకపోవడమే. దీపం ఎర్రగా ఉంటే చాలదు, మసకగానూ ఉండాలన్న సంగతిని చాలామంది పట్టించుకోరు.

రెటీనా నడిమధ్యన, అంటే దేన్నైనా సూటిగా చూసినప్పుడు ప్రతిబింబం పడే చోట, దండ కణాలు లేవు. అవి 15 నుంచి 20 డిగ్రీల దూరంలో అత్యంత దట్టంగా ఉంటాయి. అందుకే అనుభవజ్ఞులు మసక గెలాక్సీని సూటిగా చూడరు, దాని పక్కకు దృష్టి నిలిపి ఓరచూపుతో గమనిస్తారు. సూటిగా చూసినప్పుడు మాయమైన గెలాక్సీ చూపు పక్కకు జరపగానే తేలుతుంది, తిరిగి దానివైపు చూస్తే మళ్లీ పోతుంది. మొదటిసారి ఇది భ్రమలా తోచినా నిజానికి కంటి నిర్మాణ ఫలితం. ఏ పక్కకు చూడాలన్నదానికీ లెక్క ఉంది. కుడి కన్నుతో చూసేవారు వస్తువుకు కుడిపక్కన దృష్టి పెట్టాలి, ఎడమ కన్నుతో చూసేవారు ఎడమపక్కన. అప్పుడు వస్తువు ముక్కు వైపు ఉంటుంది. దీనికి విరుద్ధంగా చేస్తే, ప్రతిబింబం దృశ్యనాడి బయటికి వెళ్లే అంధబిందువు మీద పడి పూర్తిగా కనిపించకుండా పోయే ప్రమాదముంది.

తక్కువ కాంతిలో కన్ను అనేక దండ కణాల సంకేతాలను కలిపి చదువుతుంది. దీనివల్ల సున్నితత్వం పెరుగుతుంది, స్పష్టత తగ్గుతుంది. పగటిపూట ఒక ఆర్క్ నిమిషం వివరాన్ని విడదీయగల కన్ను, చీకట్లో అంతకు చాలా రెట్లు పెద్దదైన మరకను గాని గుర్తించలేదు. ఈ విషయంపై 1946లో హెచ్. రిచర్డ్ బ్లాక్‌వెల్ ప్రచురించిన ప్రయోగ ఫలితాలు నేటికీ ఆధారంగా నిలిచాయి: మసక మచ్చ ఎంత పెద్దదైతే, దాన్ని గుర్తించడానికి కావలసిన వ్యత్యాసం అంత తగ్గుతుంది. చిన్న గెలాక్సీకి తక్కువ ఆవర్ధనమే మంచిదన్న పాత సలహా సరైనది కాకపోవడానికి ఇదే కారణం. ఆవర్ధనం పెంచితే గెలాక్సీ, నేపథ్యం రెండూ మసకబారతాయి, నిష్పత్తి మారదు, మచ్చ మాత్రం పెద్దదవుతుంది. 40 రెట్ల దగ్గర ఏమీ లేనిచోట 120 రెట్ల దగ్గర గెలాక్సీ కనిపించడం మామూలే. ఒక హద్దు దాటాక మసకతనమే గెలుస్తుంది గనుక ప్రతి వస్తువుకూ రెండు మూడు ఐపీస్‌లు మార్చి చూడటం తప్ప దగ్గరి దారి లేదు.

కన్ను కదలికను స్థిరమైన మసకదనం కంటే సులువుగా పట్టుకుంటుంది. గెలాక్సీ ఉండాల్సిన చోటికి గురిపెట్టి, టెలిస్కోప్ గొట్టాన్ని వేలికొనతో మెల్లగా తడితే దృశ్యం అటూఇటూ ఊగుతుంది. స్థిరంగా ఉన్నంతసేపూ తెలియని మరక ఆ ఊగులాటలో నక్షత్రాలతో పాటు కదిలి దొరికిపోతుంది. కదలిక ఆగాక కూడా దాన్ని కొన్ని క్షణాలు నిలుపుకోవచ్చు.

రంగు ఎందుకు కనిపించదు

కెమెరా గంటల కొద్దీ కాంతిని పోగు చేసుకుంటుంది. కన్ను కాంతిని పోగుచేసుకునే వ్యవధి సెకనులో పదో వంతుకు కాస్త అటూఇటూ మాత్రమే. శంకు కణాలు మేల్కొనేంత కాంతి నీహారికల నుంచి ఆ కాస్త వ్యవధిలో అందదు. పైగా ఫొటోల్లో ఆధిపత్యం చేసే ఎర్రరంగు హైడ్రోజన్ ఆల్ఫా రేఖ, దాని తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. చీకటికి అలవాటుపడిన కంటి సున్నితత్వం 500 నానోమీటర్ల దగ్గర పతాక స్థాయిలో ఉండి, ఎరుపు వైపు వేగంగా పడిపోతుంది. ఫొటోలో అత్యంత ప్రకాశవంతంగా కనిపించే కాంతికే కన్ను దాదాపు గుడ్డిది.

అయితే 495.9, 500.7 నానోమీటర్ల దగ్గర వెలువడే ఆక్సిజన్ కాంతి కంటి పతాక స్థాయికి సరిగ్గా సరిపోతుంది. 1864లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హగ్గిన్స్ ఒక గ్రహ నీహారిక (ఆయువు తీరుతున్న నక్షత్రం వదిలిన వాయు పొర) వర్ణపటంలో ఈ ఆకుపచ్చ రేఖలను చూసినప్పుడు అవి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు, దాంతో నెబ్యూలియం అనే కొత్త మూలకాన్ని ఊహించారు. అవి రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ నుంచి వస్తున్నాయని 1927లో ఐరా బోవెన్ తేల్చారు. ఓరియన్ నీహారిక నడిమి భాగం 200 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న టెలిస్కోప్‌లలో లేత ఆకుపచ్చ ఛాయతో కనిపించడానికి, కొన్ని చిన్న గ్రహ నీహారికలు నీలిపచ్చగా మెరవడానికి కారణం ఇదే. వాటి ఉపరితల ప్రకాశం శంకు కణాలను కదిలించే స్థాయిలో ఉంటుంది.

ఫిల్టర్లు: ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ పనిచేయవు

వాయు నీహారికలు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల్లోనే వెలుగుతాయి కాబట్టి వాటిని మాత్రమే వదిలి మిగతా కాంతిని అడ్డుకునే ఫిల్టర్, నేపథ్యాన్ని చీకటి చేసి వ్యత్యాసాన్ని పెంచుతుంది. వ్యత్యాసాన్ని నిజంగా మార్చగల ఉపకరణం ఇదొక్కటే. హంస రాశిలోని వీల్ నీహారికను 1784లో విలియం హెర్షెల్ గుర్తించాడు. ఫిల్టర్ లేకుండా అది చీకటి ఆకాశంలోనూ అంతంతమాత్రంగా ఉంటుంది. ఆక్సిజన్ రేఖలను వదిలే ఓ-3 ఫిల్టర్ బిగించగానే నక్షత్రాలు మసకబారి, పెనవేసుకున్న పోగులు, తీగలు ఆకాశానికి అడ్డంగా లేచి కనిపిస్తాయి. గుర్రపుతల నీహారికను 1888లో హార్వర్డ్ ఫొటో ప్లేటు మీద విలియమీనా ఫ్లెమింగ్ కనుగొన్నారు. దాన్ని కంటితో చూడాలనుకునేవారు హైడ్రోజన్ బీటా ఫిల్టర్ మీద ఆధారపడతారు.

గెలాక్సీల కాంతి కోట్లాది నక్షత్రాల నుంచి వస్తుంది, అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఫిల్టర్ నేపథ్యాన్ని ఎంత కోస్తే గెలాక్సీనీ దాదాపు అంతే కోస్తుంది. నక్షత్రకాంతిని ప్రతిఫలించే నీహారికలకూ ఇదే వర్తిస్తుంది.

నక్షత్ర గుచ్ఛాల తీరు వేరు

గోళాకార గుచ్ఛం (నక్షత్రాలు బంతిలా కిక్కిరిసిన గుంపు) ఎం13ను 1714లో ఎడ్మండ్ హేలీ కనుగొన్నాడు. 1764లో దాన్ని చూసిన చార్లెస్ మెస్సియే అందులో నక్షత్రాలే లేవని రాసుకున్నాడు. అతని చిన్న పరికరంలో అది నిజంగానే మసక బంతి. నేటి 150, 200 మిల్లీమీటర్ల ఔత్సాహిక టెలిస్కోప్‌లో 150 రెట్ల దగ్గర అదే గుచ్ఛం అంచుల నుంచి లోపలికి విడివిడి చుక్కలుగా విచ్చుకుంటుంది. ఇక్కడ అద్దం సైజు నేరుగా పనిచేస్తుంది. ఆవర్ధనం పెరిగినకొద్దీ నేపథ్యం చీకటవుతుంది, బిందువులైన నక్షత్రాలు మాత్రం పెద్దగా మసకబారవు. కాంతి కాలుష్యమున్న చోట ఉండేవారికి గుచ్ఛాలు, జంట నక్షత్రాలు, చిన్న గ్రహ నీహారికలు నమ్మకమైన లక్ష్యాలు కావడానికి ఇదే మూలం.

చూపుకూ సాధన ఉంది

1845లో ఐర్లండ్‌లోని బిర్ కోటలో లార్డ్ రోస్ 1.8 మీటర్ల అద్దంతో ఎం51 గెలాక్సీలో సర్పిలాకారాన్ని తొలిసారి గుర్తించి బొమ్మ గీశాడు. నేడు చీకటి ఆకాశం కింద 250 నుంచి 300 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌తోనే ఆ చుట్ల జాడను చూడగలుగుతున్నారు. అద్దాల పూత మెరుగుపడటం ఇందుకు ఒక కారణం, ఏమి వెదకాలో ముందే తెలియడం మరొకటి. ఈ రెండోదానితో జాగ్రత్త అవసరం. ఫొటో చూసి వచ్చినవారు లేని వివరాన్నీ చూసినట్టు భావించవచ్చు. కనిపించినదాన్ని మొదట కాగితం మీద గీసి, తర్వాతే ఫొటోతో పోల్చడం ఇందుకు మంచి పద్ధతి. గీసేవారు ఒకే వస్తువును పావుగంట, అరగంట చూస్తారు. మొదటి చూపుకు దొరకని నల్లని చార, అంచున ఉన్న చిన్న ముడి ఆ తీరికలో బయటపడతాయి.

ఆకాశం మారుతున్న తీరు

2016లో వెలువడిన కాంతి కాలుష్య ప్రపంచ అట్లాస్ ప్రకారం ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా కలుషిత ఆకాశం కింద నివసిస్తున్నారు, మూడో వంతు మందికి పాలపుంత కనిపించదు. 2011 నుంచి 2022 వరకు సాధారణ పౌరులు పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను విశ్లేషించి 2023లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని అంచనా వేసింది. అంతకుముందు ఉపగ్రహాల కొలతలు చూపిన పెరుగుదల ఏటా 2 శాతం స్థాయిలోనే ఉంది. ఈ అంతరానికి ఒక ముఖ్య కారణం, ఆ ఉపగ్రహ సెన్సర్ 500 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యాన్ని చూడలేకపోవడం. తెల్లని ఎల్‌ఈడీల నీలి కాంతి సరిగ్గా అక్కడే ఉంది.

పరిశీలకులకు ఈ మార్పు రెండు విధాల నష్టం. నీలి కాంతి వాతావరణంలో ఎక్కువగా చెదురుతుంది, చీకటికి అలవాటుపడిన కన్ను దానికి ఎక్కువగా స్పందిస్తుంది. పాత సోడియం దీపాల వెలుగు పసుపు, నారింజ రంగుల్లో కేంద్రీకృతమై ఉండేది కాబట్టి వెడల్పాటి కాంతి కాలుష్య ఫిల్టర్లు దాన్ని కొంతవరకు కోయగలిగేవి. ఎల్‌ఈడీల వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉండటంతో ఆ ఫిల్టర్లు చాలావరకు నిరుపయోగమవుతున్నాయి. వాయు నీహారికలకు వాడే సన్నని ఫిల్టర్లు మాత్రం ఇప్పటికీ పనిచేస్తాయి.

కెమెరా సెన్సర్‌తో చిత్రాలను వరసగా పేర్చి తెరపై చూపే స్మార్ట్ టెలిస్కోప్‌లు ఇటీవల వ్యాపించడానికి ఈ పరిస్థితి కూడా తోడ్పడింది. అవి నేపథ్యపు వెలుగును లెక్కగట్టి తీసివేయగలవు, అందువల్ల నగరం నుంచే గెలాక్సీ చుట్లను చూపగలవు. ఆ పని కంటికి చేతకాదు. అదే సమయంలో, గోళాకార గుచ్ఛంలోని నక్షత్రాల పదును, ఓరియన్ నీహారికలో మిరుమిట్లు గొలిపే కేంద్రాన్నీ మసక రెక్కలనూ ఒకే చూపులో అందుకోవడం వంటి విషయాల్లో కన్ను ఇప్పటికీ చిన్న సెన్సర్ కంటే మెరుగు. కంటితో చూడటమే ముఖ్యమనుకునే వారికి దీపాలకు దూరంగా వెళ్లడం తప్పనిసరి అవుతోంది. వీధి దీపాలకు పైకి వెలుగు చిమ్మని మూతలు బిగించి, ఎరుపు వైపు మొగ్గే రంగును ఎంచుకుని, నడిరాత్రి తర్వాత తీవ్రత తగ్గిస్తే ఆ దూరం తగ్గుతుంది. దీపాన్ని ఆపిన మరుక్షణం దాని వెలుగు ఆకాశం నుంచి పూర్తిగా తొలగిపోతుంది కాబట్టి ఈ చర్యల ఫలితం అదే రాత్రి తెలుస్తుంది.